ఫలానా వారి భార్య

భర్త పేరు పైకి చెప్పడానికి సిగ్గుపడిన అమ్మమ్మలను మనమందరం ఎరుగుదుం. సొంత పేరే చెప్పని స్త్రీల సంగతి విన్నారా?

1950లో సుకుమార్ సేన్ మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాస్తూంటే బీహారు, రాజస్థాన్ వంటి చోట్ల ఎందరో స్త్రీలు "ఫలానా వారి భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు సేన్. దాదాపు 28 లక్షలమంది జాబితాకెక్కలేదు. కఠినమే! కాని స్త్రీకి తన పేరంటూ ఒకటుండాలని చాటిన నిర్ణయం అది.

అంత గట్టిగా ఎలా నిలబడ్డారంటారా? జాబితాలు, ఎన్నికల నిర్వహణ రాజ్యాంగం 324వ అధికరణం కమిషన్ చేతిలో పెట్టింది. ప్రధాన కమిషనర్‌ను తొలగించాలంటే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విషయంలో లాగే, పార్లమెంటు ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి. తక్కిన కమిషనర్లనైతే ఆయన సిఫారసు మీదనే తీసెయ్యవచ్చు.

1990లో కొద్దిరోజులపాటు ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ మన తెలుగింటి ఆడపడుచు వి.ఎస్. రమాదేవి.

తీసెయ్యడం సరే, నియామకం మాటేమిటి? నియమించేది రాష్ట్రపతి. చట్టం వచ్చేదాకా ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి కలిసి పేరు సూచించాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరులో వచ్చిన చట్టం న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకునే కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. అంటే ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వారే!

తగవు తీర్చే పెద్దమనిషిని ఒక పక్షమే ఎంచుకుంటే రెండో పక్షానికి నమ్మకం కుదురుతుందా? ఓటు మనది. ఆ ప్రశ్న అడగవలసిందీ మనమే కదూ!