ఆదివాసీ యువత – మానసిక వైద్యం (ఉత్తర తెలంగాణ)

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని గోండు, కోలాం యువతకు మానసిక వైద్యం అందడానికి దూరం కన్నా భాషే పెద్ద అడ్డు. ఆశ్రమ పాఠశాలలో నేర్చిన తెలుగు పరీక్షలకు సరిపోతుంది, మనసులోని దిగులు చెప్పుకోవడానికి చాలదు. గోండి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. గోండి, కొలామీ తెలిసిన మానసిక వైద్యులు అరుదు. దూరమూ భారమే: ఉట్నూరు గూడేల నుంచి ఆదిలాబాద్‌లోని రిమ్స్ ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అంటేనే ‘పిచ్చి’ ముద్ర భయం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చాలామంది ముందుగా మొక్కునే ఆశ్రయిస్తారు: వేములవాడ రాజన్న గుడి, ఆ ఆవరణలోని దర్గా. అక్కడ దొరికే ఊరట నిజమే, చికిత్సకు బదులు మాత్రం కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. 2022లో మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, గూడెంలో సిగ్నల్ ఉంటే.