ఫోర్క్ నుంచి పైపు దాకా

బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లో, గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్వీఆర్ అండ్ జేసీ కాలేజీ 1985లో మొదలయ్యాయి. పత్తి, మిరప పండించే ఇళ్ల పిల్లలెందరో సి భాష నేర్చింది ఇలాంటి చోట్లే. ఒక ప్రాసెస్ (పేరెంట్) నుంచి మరో ప్రాసెస్‌ను (చైల్డ్) పుట్టించే ఫోర్క్‌ను ల్యాబులో మొదటిసారి రాసినవాళ్లకు వచ్చే సందేహం ఒకటుంది: చైల్డ్ ప్రాసెస్ మార్చిన వేరియబుల్ పేరెంట్‌లో ఎందుకు మారలేదని. జవాబు కోసం యూనిక్స్ తొలినాళ్లకు వెళ్లాలి.

ఫోర్క్ అనే ఊహ 1963లో మెల్విన్ కాన్వే పత్రంలో ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1969లో పీడీపీ-7 కంప్యూటర్ మీద యూనిక్స్ మొదలుపెట్టారు. ఆ యంత్రం మీద ఫోర్క్‌కు 27 వరుసల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని ఆయన సహచరుడు డెన్నిస్ రిచీ రాశారు. పేరెంట్‌కు నకలు తీస్తే చైల్డ్; ఆపైన ఎవరి మెమరీ వారిది.

మరి చైల్డ్ పని ముగిసినట్టు పేరెంట్‌కు ఎలా తెలియాలి? చైల్డ్ ముగిసేదాకా పేరెంట్‌ను ఆపి ఉంచే వెయిట్ అప్పటికి లేదు. మనం టైప్ చేసే ఆజ్ఞలను నడిపే షెల్, తన చైల్డ్‌కు ఒక సందేశం పంపి, అది అందేదాకా ఆగిపోయేది. చైల్డ్ దాన్ని చదవకుండానే ముగిసిపోతే, అలాంటి ప్రాసెస్ లేదన్న ఎర్రర్ వచ్చేది. పని అయిందనడానికి అదే గుర్తు! తెలివైన ఉపాయమే కానీ, చైల్డ్ పొరపాటున సందేశం చదివితే లెక్క తప్పేది. ఆ తర్వాత వెయిట్ వచ్చింది.

ముగిసిందని తెలిస్తే చాలదు, డేటా కూడా అందాలి. తోటకు నీళ్లు పట్టే గొట్టానికి మరో గొట్టం తగిలించినట్టు ప్రోగ్రాములనూ కలపాలని బెల్ ల్యాబ్స్‌లోనే ఉన్న డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టారు. 1973లో థాంప్సన్ దాన్ని, ఒక ప్రాసెస్ రాసింది మరొకటి చదివే పైపుగా అమలు చేశారు. అదే ఏడాది యూనిక్స్ కెర్నల్‌ను సి లో తిరగరాశారు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక చిన్న ఏర్పాటు. ఫోర్క్ మెమరీని విడదీస్తుంది కానీ, తెరిచి ఉన్న ఫైళ్లను ఇద్దరికీ ఉంచుతుంది. పైపు కొసలూ అలాంటి ఫైళ్లే, కాబట్టి ముందు పైపు, తర్వాత ఫోర్క్. అప్పుడు రాసే కొస, చదివే కొస రెండూ ఇద్దరి చేతుల్లోనూ ఉంటాయి. చదివేవాడు రాసే కొసను మూసేయాలి. మూయకపోతే రాసేవాడు ఇంకా ఉన్నాడనే కెర్నల్ అనుకుంటుంది, రీడ్ ఎప్పటికీ ముగియదు.

ప్రాసెస్‌లు డేటా పంచుకోవడానికి తర్వాత వేరే దారులూ వచ్చాయి. 1983లో సిస్టమ్ ఫైవ్ అనే యూనిక్స్ వెర్షన్ షేర్డ్ మెమరీని, మెసేజ్ క్యూలను అందరికీ అందించింది. అదే ఏడాది బర్క్‌లీ యూనిక్స్ నుంచి సాకెట్లు వచ్చాయి. షేర్డ్ మెమరీ వేగమైనదే, కానీ ఇద్దరూ ఒకేసారి రాయకుండా సెమఫోర్ కాపలా కావాలి. పైపుకు ఆ బెడద లేదు, అందుకే నా ఓటు దానికే. దానికీ ఒక హద్దుంది: నేటి లినక్స్‌లో మామూలుగా 64 కిలోబైట్లు. అది నిండితే చైల్డ్ రాయడం ఆగుతుంది. పేరెంట్ చదవకుండా ముందే వెయిట్‌లో కూర్చుంటే ఇద్దరూ కదలరు. చదివాకే వెయిట్ పిలవాలి.