చీనా వీణ మీది పగుళ్లు

వాద్యముపై పూత బీటలు వారినచో గీకివేసి క్రొత్త పూత పెట్టించుట లోకసామాన్యము. చీనాదేశమున ఏడు తంత్రుల ‘ఛిన్’ విషయమున అట్లు చేసినవాడు దాని విలువనే చెరిపినవాడగును.

ఛిన్ వీణజాతిదే గాని దానికి మెట్లు లేవు. తొలిచిన రెండు చెక్కలను అతికి, పట్టు తంత్రులు కట్టుదురు. పైపూత ఏటికొప్పాక బొమ్మలమీది లక్క వంటిది కాదు. లక్క పురుగువలన కలుగును; ఇది చెట్టుపాలు. ఒంటికి తగిలిన దద్దురులు లేచును. వింత యేమనగా, ఇది వెచ్చని తేమలోనే గట్టిపడును. దీనిలో దుప్పికొమ్ముల పొడి కలిపి పలుమార్లు మెత్తి, అరగదీసి, నునుపు చేయుదురు.

తంత్రుల బిగువు, నాదకంపనము, ఋతువులతో కఱ్ఱ ఉబ్బి తగ్గుట, వీనిచే నూరేండ్లు పైబడినపిదప పూత పగులును. పాముపొట్ట పగులు, ఎద్దువెండ్రుక పగులు అని వానికి పేర్లును కలవు. అది ప్రాచీనతకు దస్తావేజు. దస్తావేజున్నచోట దొంగ దస్తావేజు పుట్టక మానదు గదా! కొందరు శీతకాలమున వాద్యమును మంటసెగకు కాచి, మంచు కప్పి పగిలించెడివారు. నిజమైన పగులు అంచు కత్తివాదర వలె నుండునని పూర్వులు పరీక్ష చెప్పిరి.

అయినను అంచులు పైకి లేచిన పగులు మంచిది కాదు. జారెడి వ్రేలికి గ్రుచ్చుకొనును. తంత్రి తాకి బుసకొట్టును. అప్పుడు పలుచని చెట్టుపాలను లోనికింకించి, లేచిన పెచ్చును అదిమి, గుంటను కొమ్ముపొడి ముద్దతో పూడ్తురు. గీత మాత్రము మిగులవలెను. 16వ శతాబ్దిలో హ్వాంగ్ చెంగ్ వ్రాసిన పూతపని గ్రంథమున పగుళ్లును, పాతవస్తువుల మరమ్మతును ఒకే అధ్యాయమున నున్నవి. క్రొత్తపూత రంగు పాతదానితో కలియుటయే అందలి నేర్పు.

బీజింగు రాజప్రాసాదమున క్రీ.శ. 756 నాటి ఛిన్ యొకటి కలదు. 1924లో పదచ్యుతుడైన చక్రవర్తి ప్రాసాదమును వీడినపిదప సామానుల పట్టీ వ్రాసినవారు దీనిని ‘పాడైన ఛిన్ ఒకటి’ అని ఎక్కించిరి. కప్పు కారి, మట్టినీరు పడి, తెల్లని పొర గట్టిపడుటచే పూతయే పోయినట్లుండెను. పట్టీలో ఆ యొక్క మాట పడినపిదప రెండు దశాబ్దములు దానిని పలుకరించిన దిక్కు లేదు! 1947లో వాంగ్ షిష్యాంగ్ అను పండితుడు దానిని గుర్తించెను. 1949లో అది వైణికుడును చిత్రకారుడును అగు క్వాన్ పింగ్‌హు చేతికి వచ్చెను. గీకి క్రొత్తపూత వేసిన కొలదికాలములో పని తీరెడిది. అతడట్లు చేయక, మట్టిపొరను మాత్రమే నెలల తరబడి కొంచెము కొంచెముగా తొలగించెను. అడుగున ఇంచుమించు పండ్రెండువందల ఏండ్ల నాటి పూత, పగుళ్లతో సహా, చెక్కుచెదరక యుండెను. వాద్యము కడుపులో ఎఱ్ఱని పూతతో వ్రాసిన అక్షరములు అది తయారైన సంవత్సరమును చెప్పుచున్నవి.