పీలమేడు పనితనం: మోటారు నుంచి డేటాబేస్ దాకా

కోయంబత్తూరు తెలుగువారి చరిత్ర చెప్పేటప్పుడు మిల్లులు, విద్యాసంస్థలు, దానధర్మాలు లెక్కకొస్తాయి గానీ మరమ్మతు విద్య రాదు. విజయనగర రాజుల కాలంలోనూ, తర్వాత మధుర నాయక రాజుల ఏలుబడిలోనూ దక్షిణానికి తరలి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన కమ్మవారి కుటుంబాలు తరతరాలు పత్తి పండించాయి. వారిలో కొందరు 20వ శతాబ్దంలో మిల్లుల వైపు మళ్లారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ స్థాపించారు. 1926లో కోయంబత్తూరులోని పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి రాశారు. ఆ పీఎస్‌జీ ధర్మం కిందే పారిశ్రామిక శిక్షణాలయం వెలిసింది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులూ బావుల మీద మోటార్లూ పెరిగాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి తయారు చేసినదాన్ని దేశంలో తొలి విద్యుత్ మోటారుగా చెబుతారు. ఈ చరిత్రలో విలువైనది మోటారు ఒక్కటే కాదు, మోటారు ఆగినప్పుడు లోపం ఎక్కడుందో వరసగా వెతికే అలవాటు కూడా అని నా వాదన. అదే పీలమేడు దగ్గర ఇప్పుడు టైడల్ ఐటీ పార్కు ఉంది. కంటెయినర్‌లో, అంటే ప్రోగ్రామును విడిగా నడిపే సాఫ్ట్‌వేర్ గదిలో, నడిచే డేటాబేస్ మొరాయించినప్పుడు అక్కడి కుర్రవాళ్లకు కావలసింది ఆ అలవాటే.

పొలంలో మోటారు పనిచేయకపోతే అనుభవమున్న మెకానిక్ ముందుగా మోటారు విప్పడు. మెయిన్ దగ్గర కరెంటు ఉందా, మూడు ఫేజులూ వస్తున్నాయా, స్టార్టర్ పట్టుకుంటోందా అని చూస్తాడు. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. తిరుగుతున్నా నీళ్లు రాకపోతే కరెంటు సంగతి వదిలేసి ఫుట్‌వాల్వు కారుతోందా అని చూడాలి. ఏ లక్షణం ఏ చోటును చూపిస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. డేటాబేస్ ఎర్రర్లనూ ఇలాగే విడదీయాలి. సర్వర్ పేరే దొరకలేదని వస్తే రెండు కంటెయినర్లు ఒకే నెట్‌వర్క్‌లో లేవనో, పేరు తప్పు రాశామనో అనుమానించాలి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే దాదాపు ఎప్పుడూ ఆ పోర్టులో వినేవారు లేరని: సర్వర్ ఇంకా లేవలేదు, లేదా పోర్టు బయటికి తెరవలేదు. పాస్‌వర్డ్ తప్పని వస్తే మాత్రం దారి బాగుంది, ఏదో ఒక సర్వర్ దాకా చేరాం. ‘ఏదో ఒక’ అని ఊరికే అనలేదు. యంత్రంలో ఇదివరకే ఇన్‌స్టాల్ చేసిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 5432 పోర్టులో కూర్చుని ఉంటే, మనం కంటెయినర్‌తో మాట్లాడుతున్నామనుకుంటూ దానికి పాస్‌వర్డ్ చెబుతుంటాం.

ఈ తికమకలకు కాలమే కారణం. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీలో మొదలైంది, మైఎస్‌క్యూఎల్ 1995లో వచ్చింది. చాలా చోట్ల డేటాబేసూ దాన్ని వాడే ప్రోగ్రామూ ఒకే యంత్రంలో ఉన్న రోజులవి. ‘లోకల్‌హోస్ట్’ అని రాస్తే సరిపోయేది. 2013లో కంటెయినర్లను నడిపే డాకర్ వచ్చాక ప్రతి కంటెయినర్‌కూ తన లోకల్‌హోస్ట్ తనదే అయింది. అప్లికేషన్ కంటెయినర్‌లో ఆ మాట రాస్తే అది తన గదిలోనే డేటాబేస్ కోసం వెతుక్కుంటుంది. మైఎస్‌క్యూఎల్ యూజర్‌ను పేరుతో పాటు ఎక్కడినుంచి వచ్చాడన్నదానితో కలిపి గుర్తిస్తుంది. అందుకే లోపలినుంచి లాగిన్ అయిన రూట్ బయటినుంచి తిరస్కారానికి గురికావచ్చు. 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిని మార్చడంతో పాత క్లయింట్లు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రాలేకపోయాయి. ఒక్కో ఎర్రర్ వెనుక ఒక్కో కాలపు నిర్ణయం ఉంది.

నా వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. కోయంబత్తూరు పరిశ్రమ ఒక్క తెలుగువారి సొత్తే కాదనేది మొదటిది. నిజమే. 1888లోనే స్టేన్స్ దొర అక్కడ నూలు మిల్లుకు పునాది వేశాడు, తమిళ కార్మికులు లేకపోతే ఏ మిల్లూ నడిచేది కాదు. కానీ పీఎస్‌జీ ధర్మం 1951లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టినప్పుడు దాన్నీ వర్క్‌షాపునూ ఒకే ఆవరణలో ఉంచింది. పుస్తకం, పానా పక్కపక్కన ఉండాలన్న ఆ తీర్పులో పీలమేడు నాయుళ్ల పాత్రను తక్కువ చేయలేం. రెండో అభ్యంతరం బలమైనది: మోటారు ఖరీదైనది కనుక బాగుచేస్తాం, కంటెయినర్‌ను తుడిచి క్షణంలో కొత్తది లేపవచ్చు, అలాంటప్పుడు ఈ వెతుకులాట ఎందుకు? కంటెయినర్ పోతే పోవచ్చు, డేటా పోకూడదు. అందుకే డేటాను వాల్యూమ్‌లో విడిగా ఉంచుతాం. పోస్ట్‌గ్రెస్ కంటెయినర్‌కు ఇచ్చే పాస్‌వర్డ్ వేరియబుల్‌ను డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే అది చదువుతుంది. తర్వాత ఆ వేరియబుల్ ఎన్నిసార్లు మార్చినా, కంటెయినర్ ఎన్నిసార్లు తుడిచి లేపినా, పాత వాల్యూమ్ ఉన్నంతకాలం పాత పాస్‌వర్డే చెల్లుతుంది. విసుగెత్తి వాల్యూమ్ కూడా తుడిచేస్తే లాగిన్ అవుతుంది, లోపల ఒక్క టేబులూ ఉండదు. చేయవలసింది కంటెయినర్ లోపలికి వెళ్లి, ఆల్టర్ యూజర్ ఆదేశంతో పాస్‌వర్డ్ మార్చడం. అది నిమిషం పని.

కాబట్టి కోయంబత్తూరులోనూ మధురలోనూ డేటాబేస్ పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. బాగా నడిచే కంటెయినర్‌తో పాటు చెడగొట్టిన కంటెయినర్ కూడా విద్యార్థుల చేతికివ్వండి. లాగ్ చదివి, పోర్టు చూసి, నెట్‌వర్క్ చూసి, చివరగా పాస్‌వర్డ్ దగ్గరికి రమ్మనండి. తుడిచేసి మళ్లీ లేపినవారికి మార్కులు వేయకండి.