గ్రహ మేఘాల ధ్రువణ అధ్యయనం

మేఘాల మీద పడి తిరిగొచ్చే సూర్యకాంతి ఏ దిశలో ఎక్కువగా కంపిస్తోందో కొలిచి, ఆ మేఘకణాల పరిమాణం, ఆకారం, పదార్థం రాబట్టే పద్ధతి ఇది.

వాయు అణువులు 90 డిగ్రీల కోణంలో చెదరగొట్టే కాంతికి ధ్రువణం, అంటే ఒకే దిశలో కంపించే గుణం, అత్యధికం. గురుగ్రహం దగ్గర చిక్కంతా ఆ కోణంతోనే. గురుడి నుంచి సూర్యుడికీ భూమికీ గీసిన గీతల మధ్య కోణం 12 డిగ్రీలు దాటదు, అంటే మనకు అందే కాంతి దాదాపు వచ్చిన దారినే తిరిగొచ్చినది. శనికి అందులో ఇంచుమించు సగమే.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్నార్ లియో 1920లలో సున్నితమైన ధ్రువణమాపకం తయారుచేసి గ్రహాలను వరుసగా కొలిచాడు. గురుడి నడిమి భాగంలో ధ్రువణం స్వల్పం, ధ్రువాల దగ్గర మాత్రం చాలా ఎక్కువ. (పేర్లు కలిశాయి గానీ ధ్రువణానికీ గ్రహ ధ్రువాలకూ చుట్టరికం లేదు.) లెక్కకట్టే గణితం 1950లో చంద్రశేఖర్ 'రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్' గ్రంథంతో స్థిరపడింది.

పద్ధతి సత్తా ముందు తేలింది శుక్రుడి దగ్గర. అది దాదాపు అన్ని కోణాల్లోనూ కనిపిస్తుంది. దాని మేఘబిందువులు గుండ్రనివనీ, వ్యాసార్ధం సుమారు 1 మైక్రాన్ అనీ, వక్రీభవన గుణకం 1.44 అనీ 1974లో హాన్సెన్, హోవెనియర్ తేల్చారు. ఆ గుణకం గాఢ గంధకామ్లానికి సరిపోయింది.

గురుడికి ఆ సౌలభ్యం లేదు కనుక అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. 1973, 1974 డిసెంబరు నెలల్లో పయనీర్ 10, 11 నౌకలు గురుడి పక్కగా సాగిపోతూ నీలి, ఎరుపు కాంతుల్లో పెద్ద కోణాల కొలతలు తీశాయి. ధ్రువాల మీది పొగమంచు గట్టి ధ్రువణం చూపుతూనే కాంతిని ముందుకూ బలంగా చిమ్ముతోంది. చిన్న గోళాలు మొదటిది చేస్తాయి, పెద్దవి రెండోది. రెండూ చేయాలంటే చిన్న రేణువులు గుత్తులుగా అతుక్కుని ఉండాలని 1991లో వెస్ట్, స్మిత్ వాదించారు.

సౌరకుటుంబం వెలుపలి గోళాలు చుక్కలుగానే కనిపిస్తాయి. గుండ్రటి గోళంపై మేఘం సమంగా పరుచుకుంటే, దాని సొంత వెలుగులోని ధ్రువణం అన్ని వైపులా కలిసి రద్దవుతుంది. వేగంగా తిరిగి అణిగిన గోళమైతే కొంత మిగులుతుంది. నక్షత్రం కాలేకపోయిన బ్రౌన్ డ్వార్ఫ్‌ల ధూళి ఇలా బయటపడుతుందని బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన సుజన్ సేన్‌గుప్తా, వినోద్ కృషన్ 2001లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే ఐరోపా బృందం అలాంటి ధ్రువణాన్ని గుర్తించింది.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో 'షేప్' అనే పరికరం ఉంది. దూరపు గ్రహమేదో అన్నట్టు భూమినే చూసి, దాని పరారుణ కాంతిలోని ధ్రువణాన్ని కొలవడం దాని పని.