మరల సందులో గాలి

మరలు ఎంత బిగించినా పైపు అతుకులో సన్నటి సందు మిగులుతుంది. ఒక మర కొనకూ ఎదుటి గాడి అడుగుకూ నడుమ మెలికలు తిరిగే ఆ సందు వెంటే గాలి కారుతుంది. ఆవిరి యంత్రాల కాలంలో ఫిట్టర్లు దాన్ని జనపనారతో, అవిసె నూనెలో కలిపిన సీసపు రంగుతో మూసేవారు. అమెరికాలో రాబర్ట్ బ్రిగ్స్ రూపొందించిన పైపు మరల కొలతలు 1886లో ప్రమాణమయ్యాయి. వాటిలో 16 అంగుళాల పొడవుకు వ్యాసం ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది కనుక, తిప్పేకొద్దీ మరలు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అయినా పూత అవసరం తప్పలేదు. పైగా అతిగా బిగిస్తే బయటి భాగం చీలిపోవచ్చు. అధిక పీడనపు గాలిలో నూనె పూతలకు నిప్పు అంటుకునే ప్రమాదం మరొకటి.

అసలు మలుపు మూసే పనిని మర నుంచి తప్పించడంతో వచ్చింది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్, అంతకుముందు ఎయిర్ బ్రేకుల మీద పనిచేసినవాడు, 1939లో ఓ-రింగ్‌కు పేటెంట్ పొందాడు. గాలి పీడనమే ఈ రబ్బరు వలయాన్ని సందులోకి నెడుతుంది. పీడనం పెరిగితే మూత ఇంకా బిగుస్తుంది. సరిగ్గా అమరిన చోట మర పని పట్టుకోవడమే.

1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్, తరువాత టేపుగా మారి, వ్యాసం తగ్గుతూ పోయే ఆ వాలు మరలకు నార స్థానంలో వచ్చింది. డైవింగ్ సిలిండర్ల వాల్వులలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఓ-రింగుతో కూడిన సమాంతర మరలే. వాటికి టేపు చుట్టడం దండగ. దాని తునకలు వాల్వులో ఇరుక్కుంటాయి కూడా.