6,000 రూపాయల ఇల్లు, 100 రూపాయల పాక
(ఉప్పెన చరిత్రలు – 3)

దివిసీమ ఉప్పెన మాట ఎత్తితే చాలు, "సముద్రానికి కులమేముంది, అందర్నీ ముంచింది" అంటారు. సముద్రానికి లేదు, నిజమే. ఊరికి ఉంది.

1977 నవంబర్ 19. తీరం మీదికి మనిషికి మూడింతల ఎత్తున నీళ్లొచ్చాయి. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. అవి కోతల రోజులు. పొరుగూళ్ల నుంచి కూలికొచ్చి చేల దగ్గర తలదాచుకున్నవాళ్లు ఏ ఊరి లెక్కలోకి వస్తారు?

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి, విపత్తులు నా సబ్జెక్టు కాదు. అయినా 1994లో వచ్చిన 'ఎట్ రిస్క్' పుస్తకంలో ఒక ఉదాహరణ నన్ను వదల్లేదు. కృష్ణా డెల్టా తుపాన్ల మీద పీటర్ విన్‌చెస్టర్ చేసిన పరిశోధన దానికి ఆధారం. రెండు కుటుంబాలు, మధ్య దూరం 100 మీటర్లు. ఒకరిది ఇటుకల ఇల్లు, 3 ఎకరాల మాగాణి, ధాన్యం వ్యాపారం, లారీ. రేడియోలో హెచ్చరిక విని కుటుంబాన్నీ విలువైన సామాన్నీ లారీ ఎక్కించి వెళ్లిపోయారు. రెండో వాళ్లది తాటాకు పాక, అర ఎకరం నీళ్లందని నేల, కొంచెం కౌలు, మిగతా రోజులు కూలి. వాళ్ల చిన్నబిడ్డ మునిగిపోయింది.

పెద్ద రైతు ఇల్లు బాగుచేయడానికి 6,000 అయింది. దాచుకున్న డబ్బుతో వారంలో లేపాడు. పాకకు 100 చాలు. ఆ వందా లేక వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లారు. ఉన్న ఒక్క ఎద్దూ పోయింది. అద్దెకు దొరికేసరికి అదును దాటిపోయింది. తుపాను పోయిన 8 నెలలకు ఆకలి మొదలైంది.

రూపాయల్లో చూస్తే ఎక్కువ పోయింది పెద్ద రైతుకే! మన నష్టం అంచనాలన్నీ ఈ రూపాయల్లోనే నడుస్తాయి. పుస్తకం వాళ్లను ధనిక, పేద కుటుంబాలని పిలిచింది. పాక, కౌలు, కూలి ఒక్కచోట చేరిన ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడేమైనా మారిందా అంటే, ఆంధ్రాలో 2019 కౌలు చట్టం కింద కార్డు రావాలన్నా భూయజమాని సంతకం పెట్టాలి. మునిగింది కౌలుదారు పెట్టుబడి, పట్టా మరొకరిది.

తుపాను సర్వేలకు వెళ్లే మిత్రులారా, "ఎంత పోయింది?" అని అడిగి ఆగిపోకండి. తిరిగి నిలబడటానికి ఎన్నాళ్లు పట్టింది, అప్పు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి, ఏ నెలలో పస్తున్నారు, ఇవీ రాసుకోండి. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఆ వాడకే వెళ్లండి.